పాత కుట్టుయంత్రమునకు ఇంటి పరికరములు

చరిత్ర యనగానే మనవారికి రాజులును, రణములును, దానశాసనములును మనస్సునకు వచ్చును. ఆ రాజులు ధరించిన వస్త్రమును ఎవరు కుట్టిరో, ఆ శాసనమును చెక్కిన ఉలిని ఎవరు సానపట్టిరో అడుగువారు తక్కువ. ఈ లోపమును గూర్చి వ్రాయుటకు పెదవేగి కంటె తగిన చోటు మాకు దొరకలేదు. ఏలూరునకు ఉత్తరముగా సుమారు పండ్రెండు కిలోమీటర్ల దూరమున నున్న ఈ గ్రామమే ఒకప్పటి వేంగీపురము. సాలంకాయనులు ఇచ్చటనుండి ఏలిరి. వారిలో హస్తివర్మ పేరు సముద్రగుప్తుని అలహాబాదు స్తంభశాసనమున కలదు. 624లో కుబ్జవిష్ణువర్ధనునితో తూర్పుచాళుక్యుల రాజ్యము ఈ వేంగీదేశముననే మొదలయ్యెను. సాలంకాయన నందివర్మ తామ్రశాసనము ఈ యూరి పేరిటనే చరిత్రకారులకు పరిచితము.

తామ్రశాసనమును చూచినవారికి ఒక సంగతి తెలియును. రాగిరేకులను వరుసగా పేర్చి, ఒక రంధ్రముగుండ రాగికడియమును గ్రుచ్చి, దాని యతుకుపై రాజముద్రిక వేయుదురు. రేకులపైని యక్షరములను మనము చదువుదుము, కడియమును చూడము. కాని ఆ కడియమే లేకున్నచో రేకులు చెదరి, శాసనము తునకలైపోయెడిది. ప్రతి గొప్ప వస్తువునకును ఇట్టి చిన్న యుపాంగ మొకటి యుండును. వస్తువునకు పేరు వచ్చును. ఉపాంగము మఱపున పడును. మేమిప్పుడు వ్రాయబూనినది అట్టి యుపాంగములను గూర్చియే: మన యిండ్లలోని పాత కుట్టుయంత్రములకు స్త్రీలును, దర్జీలును, వడ్రంగులును, కమ్మరులును తమ చేతులతో చేసికొనిన పరికరములను గూర్చి. ఇది అల్పవిషయమని తోచవచ్చును. అల్పము కాదని చూపుటయే మా యుద్దేశము.

మొదట యంత్రము యొక్క చరిత్రమును కొంచెము తెలిసికొనవలెను. 1830లో ఫ్రాన్సు దేశపు దర్జీ బార్తెలెమీ తిమోనియే ఒక కుట్టుయంత్రమునకు హక్కుపత్రము పొందెను. మఱుసటి యేడు పారిసులోని దర్జీలు తమ జీవనము పోవునని భయపడి అతని కర్మాగారముపై బడి యంత్రములను ధ్వంసము చేసిరి. 1846లో అమెరికాలో ఇలియాస్ హౌ అనువాడు, మొనయందే కన్ను గల సూదియు, దిగువ దారమును మోయు నాడెయు కలిపి, రెండు దారముల కుట్టునకు హక్కు సంపాదించెను. 1851లో ఐజక్ సింగర్ తన యంత్రమునకు హక్కు పొందెను. ఆ 1851లోనే లండను మహాప్రదర్శనమున మన యేలూరి తివాచీలు పరదేశీయుల కన్నులయెదుట పరచబడినవి. ఒక చేతిపని ఇచ్చటనుండి అటు పోవుచుండగా, ఒక యంత్రము అటునుండి ఇటు బయలుదేరుటకు సిద్ధమగుచుండెనన్నమాట.

సింగరును గూర్చి జనులు మఱచిన విషయ మొకటి కలదు. అతడు శూన్యమునుండి యంత్రమును సృష్టింపలేదు. 1850లో బోస్టను నగరమున ఆర్సన్ ఫెల్ప్స్ అనువాని పనిశాలకు, వేఱొకరు రూపొందించిన కుట్టుయంత్రములు మరమ్మతునకు వచ్చుచుండెను. వానిలోని లోపమును చూచి, నాడె నడకను మార్చి, సూదిని నిలువుగా దింపి, గుడ్డను అదిమిపట్టు పాదమును చేర్చి సింగరు తన నమూనాను తయారుచేసెను. అనగా లోకప్రసిద్ధమైన ఆ యంత్రము పుట్టినది మరమ్మతు బల్లపైననే. ఇది చదువరులు గుర్తుంచుకొనవలసిన మాట. మరమ్మతు చేయు చేయి కల్పించు చేతికంటె తక్కువది కాదు. పెక్కుమార్లు రెండును ఒక్కటియే.

1856లో సింగరు భాగస్వామి ఎడ్వర్డు క్లార్కు వాయిదాలపై యంత్రము నమ్ము పద్ధతి ప్రవేశపెట్టెను. దానివలన సామాన్యగృహమునకును యంత్రము చేరెను. పందొమ్మిదవ శతాబ్ది చివరి పాతికేండ్లలో నస్సర్వాంజీ మెర్వాంజీ పటేల్ అను పార్సీ వర్తకుడు మనదేశమున సింగరు వ్యాపారమును నడపెను. స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకు కర్మాగారమున, 1880ల నడుమనుండి, తయారైన యంత్రములు ఓడలపై మనకు వచ్చినవి. గోదావరిపై 1852 నాటికి ఆనకట్ట పూర్తియగుటయు, కాలువలలో పడవలు నడచుటయు, 1893 మొదలు 1896 వఱకు బెజవాడనుండి కటకమునకు రైలుమార్గము పడుటయు బరువు సరుకులు ఈ ప్రాంతమునకు చేరుటకు దారి చేసినవి. నేలపై కూర్చుండి కుట్టు మన దర్జీకి కాలియంత్రము కంటె చేతిపిడి యంత్రమే అనుకూలమైనది. 1930లలో కలకత్తాలో ఉషా పేరిట స్వదేశీ యంత్రము తయారు కాసాగెను. స్వాతంత్ర్యానంతరము లుధియానా కర్మాగారములు దేశమునంతను యంత్రములతో నింపినవి. ఈ స్వదేశీ యంత్రములలో అధికభాగము సింగరువారి 15వ తరగతి నమూనా ననుసరించినవే. కావున వాని సూదులును కండెలును నేటికిని బజారున దొరకుచున్నవి.

ఇక ఉపాంగముల మాట. సింగరు కంపెనీవారు యంత్రముతోబాటు ఒక చిన్న పెట్టెను ఇచ్చుచుండిరి. 1889లో హక్కుపత్రము పొందిన మడతపెట్టె వానిలో ప్రసిద్ధమైనది. తెఱచిన చదునుగా పరచుకొని, మూసిన నలుచదరపు కట్టగా ముడుచుకొను ఆ చెక్కపెట్టెలో అంచు మడిచెడి పాదము, కుచ్చులు తీసెడి పరికరము, సన్నమడతలకు గుర్తు పెట్టెడిది, అంచునకు పట్టీ వేసెడిది, ఇట్టివి అమరియుండును. పనితనమున అవి యద్భుతములు. కాని అవి ఎవరి వస్త్రములకై పుట్టినవి? గౌనులకును, కుచ్చుల లంగాలకును, పడమటి ఇండ్ల కిటికీతెరలకును. మన పంచె కుట్టుట కాదు, కట్టుట. మన చీరకు కుట్టే లేదు. మన స్త్రీకి కావలసినది రవికె చంకక్రింద పట్టీ, చీర కుచ్చిళ్లకడ లోపల వేయు ఫాల్, పరికిణీ అంచు, పాతచీరల పొరలతో బొంత, కొల్లేటి చెంత కాపురములకు దోమతెర, ధాన్యమునకు గోనె. ఈ పనులలో పెక్కింటికి ఆ పెట్టెలో సరిపోవు పరికరము లేదు. కావున విదేశపు పెట్టె అటకయెక్కెను. ఇంటిచేతి పరికరములు పుట్టెను. యంత్రము కొన్ననాడు మనది కాలేదు; మన గుడ్డకు తగినట్లు దానిని సవరించుకొన్ననాడే మనదయ్యెను.

అట్టి పరికరములలో ముఖ్యములైన కొన్నింటిని వివరింతుము. వీనిలో మొదటిది కండె చుట్టు చక్రమునకు రబ్బరు వలయము. యంత్రపు పెద్దచక్రమునకు తగిలి తిరుగు చిన్నచక్రముపై ఈ వలయ ముండును. కొన్నియేండ్లకు రబ్బరు గట్టిపడి పగులును, చక్రము జాఱును, కండె వదులుగా చుట్టుకొనును, కుట్టు అడుగున ముద్దలు కట్టును. పాత సైకిలు ట్యూబునుండి సన్ననిపట్టీ కోసి ఆ చక్రపుగాడిలో బిగువుగా చుట్టిన చాలును, పని నడచును. రెండవది దారపు రీలు క్రింద వేయు ఉన్నిబిళ్ల. పాత కంబళి ముక్కను పైసా పరిమాణమున కత్తిరించి నడుమ రంధ్రము చేసిన, రీలు గడగడలాడక దారము ఒక్క రీతిగా సాగును.

మూడవది కాలియంత్రపు తోలుపట్టీ. వానకాలమున తేమకు తోలు సాగును. పట్టీ చక్రముపై జాఱును. అప్పుడు వేలెడులో నాల్గవవంతు కోసి, కొనకు రంధ్రము పొడిచి, ఇనుపతీగె కొక్కెముతో మరల కలుపవలెను. ఎక్కువ కోసినచో పట్టీ బిగిసి ఇరుసులు అరుగును. కావున కొంచెము కోసి, త్రొక్కి చూచి, మరల కోయుటయే క్రమము. నాల్గవది కుట్టు తిన్నగా పోవుటకు గట్టు. పాతయంత్రముల పీఠముపై సూదికి కుడివైపున మరగల రంధ్రములుండును. అవి ఇందుకొఱకే యున్నవి. చదునుగా చెక్కిన వెదురుబద్దకు నిలువుగా గాడి తీసి, మరతో ఆ రంధ్రమునకు బిగించిన, బద్దను ఇటునటు జరిపి కావలసిన యెడమున నిలుపవచ్చును. గుడ్డ అంచు బద్దకు ఆనించి త్రోసిన, కొత్తగా నేర్చు బాలిక కుట్టు కూడ గీతగీచినట్లు వచ్చును.

అయిదవది పెద్దకండె కాడ. దర్జీలు కొను శంఖాకారపు పెద్దకండెల దారము ప్రక్కకు కాక పైకి విప్పుకొనవలెను. బరువైన చెక్కబిళ్లపై మేకు నిలిపి కండెను దానిపై నుంచి, సరిగా దాని శిరస్సునకు ఎదురుగా, జానెడు ఎత్తున గొడుగుకమ్మి కొక్కెమును అమర్చి, ఆ కొక్కెముగుండ దారమును యంత్రమునకు తెచ్చిన చాలును. కొక్కెము ప్రక్కకు ఒదిగినచో దారము కండెయంచున చిక్కి తెగును. కిటుకంతయు ఆ నిలువుననే యున్నది. ఆఱవది విస్తరణబల్ల. దోమతెరగాని బొంతగాని కుట్టునపుడు గుడ్డబరువు క్రిందికి లాగి సూదిని వంచును. యంత్రపు పీఠమున కెంత ఎత్తో అంతయెత్తు కాళ్లతో, పీఠము పట్టునట్లు నడుమ కోత పెట్టిన పలకను వడ్రంగిచే చేయించిన, ఆ బరువును బల్ల మోయును. సూదులు విఱుగుట తగ్గును. కుట్టువారి భుజముల నొప్పియు తగ్గును.

ఏడవది సగపుపాదము. రవికె అంచున త్రాడుపెట్టి మడిచి కుట్టునపుడు మామూలుపాదపు రెండు వ్రేళ్లును త్రాడుపై నెక్కి కుట్టును దూరము చేయును. అఱిగిన పాదమొకటి తీసికొని, ఒక వ్రేలును ఆకురాయితో తొలగించి, అంచును నునుపుచేసిన, సూది త్రాడు ప్రక్కనే దిగును. ఇందుకు మంచిపాదమును చెఱుపరాదు, అఱిగినదియే తగును.

ఇచ్చట ఒక హద్దును చెప్పక తప్పదు. సూది గుడ్డను దూరి అడుగంట దిగి, తిరిగి రవంత లేచునపుడు, దాని కన్నుచెంత దారము చిన్న ఉచ్చుగా ఉబ్బును. ఆ క్షణముననే కొక్కెపు మొనగాని, పాతతరగతులలో కొల్లేటి దోనెవలె మున్ను సన్నగిలిన నాడెగాని, ఆ యుచ్చులో దూరి పైదారమును క్రిందిదారముతో పెనవేయును. సూదికిని మొనకును నడుమ నుండు ఎడము వెండ్రుకవాసి. ఈ చోటు యంత్రమునకు గర్భాలయము వంటిది. ఇచ్చట ఆకురాయి పెట్టరాదు. సూది, నాడె, కొక్కెము ఇవి కొనవలసినవేగాని ఇంట చేయదగినవి కావు. సింగరు 12వ తరగతి వంటి మిక్కిలి పాతయంత్రములకు వాని సూదులే కఱవగుటచేత, యంత్రము చక్కగా నున్నను మూల కూర్చుండుట మనమెఱిగినదే. అట్లే నూనె విషయము. ఆముదమునుగాని కొబ్బరినూనెనుగాని పోసినచో కొన్నాళ్లకు అది జిగురై ఇరుసులను బంధించును. యంత్రమునకు తగినది ఖనిజతైలమే. జిగురు కట్టినదానిని కిరసనాయిలుతో కరగించి, తుడిచి, మరల యంత్రపునూనె వేయవలెను. కొల్లేటి తేమగాలి సోకు గ్రామములలో పొరలగుడ్డతో కుట్టిన ముసుగును, వారమున కొకమారు నూనెగుడ్డతో తుడుచుటయు తుప్పును దూరముంచును.

కొందఱిట్లనవచ్చును: “బజారున కొలది రూపాయలకు ప్రతి వస్తువును దొరకుచుండగా ఈ శ్రమ యెందులకు?” ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. రబ్బరువలయమును, సూదిని కొనుటయే మేలు. కాని బజారువస్తువు అందఱి కొలతకు చేసినది. ఒకరి కొలతకు చేసినది కాదు. చూపు మందగించిన ముదుసలికి సూదిలో దారమెక్కించు సన్నతీగె ఉచ్చును, కాలు చచ్చుబడిన దానికి కాలియంత్రమునకు అమర్చు చేతిపిడియు, పొట్టిగా నున్న బాలికకు త్రొక్కుడుపలకపై వేయు ఎత్తుచెక్కయు ఎవరో ఒకరు ఆ మనిషిని చూచి చేయవలసినవే. ఇంటి పరికరము యొక్క విలువ చౌకతనమున లేదు. అది యొక మనిషిని గుర్తించుటలో నున్నది.

ఇక అసలు ప్రశ్నకు వత్తుము. 1924లో యంగ్ ఇండియా పత్రికలో ప్రచురితమైన ఒక సంభాషణమున గాంధిగారు యంత్రములపై తమ విమర్శనుండి కుట్టుయంత్రమును మినహాయించిరి. తన భార్య చేతికుట్టుతో పడు శ్రమను చూడలేక, ఆమెపై ప్రేమచే సింగరు దానిని కల్పించెనని వారనిరి. మహాత్ముని భావము పూజ్యమే. కాని సింగరు జీవితచరిత్రము ఆ కథను సమర్థింపదు. అతడు ఒకే కాలమున పలు సంసారములు నడపిన లాభాపేక్షాపరుడు. ఐనను గాంధిగారు పెట్టిన కొలబద్ద సత్యమైనదే: యంత్రము మనిషికి సేవచేయుచున్నదా, మనిషి యంత్రమునకు సేవచేయుచున్నాడా? ఈ కొలబద్దతో మన యిండ్లను చూచిన మూడు సంగతులు తేటపడును.

మొదటిది: యంత్రము స్త్రీకిచ్చితిమి, మరబిళ్లు తిప్పు పనిముట్టును ఇయ్యలేదు. ఆమె కుట్టవచ్చును, కాని విప్పరాదు. పట్టీ జాఱినను మగవానికొఱకు వేచియుండవలెను. కుట్టు నేర్పు చోట్లను కొలత, కోత, కుట్టు నేర్పుదురుగాని, పీఠమును వెల్లకిల వేసి అడుగున నేమున్నదో చూపువారు అరుదు. తనకు తెలియని యంత్రముపై బ్రతుకువాడు ఆ యంత్రము తెలిసినవానికి లోబడును. కావున విప్పుట నేర్పని కుట్టువిద్య సగపువిద్య.

రెండవది: స్త్రీలు చేసిన ఈ చిన్నపనులు పనిగా లెక్కకు రాలేదు. ఇందుకు మన జిల్లాలచెంతనే ప్రబలసాక్ష్యము కలదు. నరసాపురపు లేసుపనిని పరిశీలించి జర్మను పండితురాలు మరియా మీస్ 1982లో ప్రకటించిన గ్రంథము, దినమంతయు అల్లు స్త్రీలను సమాజము పనివారిగా గాక, తీరికవేళ కాలక్షేపము చేయు గృహిణులుగా ఎంచెనని చూపెను. ఎగుమతి ధనము వర్తకునిది. తీరిక యను పేరు స్త్రీది. వెదురుబద్ద చెక్కి కుట్టును తిన్నచేసిన గృహిణి బుద్ధికిని అదే గతి పట్టినది.

మూడవది మిక్కిలి సిగ్గుపడదగినది. యంత్రము నడచుటకు ఆధారమైన ఆ తోలుపట్టీని ఎవరు కోసిరి, ఎవరు పదునుచేసిరి? ఏ వృత్తివారిని మనము వీథి గడప దాటనీయక దూరముంచితిమో వారు. వారి చేతి తోలు మన నట్టింట, పూజగదికి నాలుగడుగుల దూరమున, ప్రతిదినము తిరుగుచుండెను; వారు మాత్రము అరుగు క్రిందనే నిలుచుండిరి. వస్తువునకు లేని అంటు మనిషి కెట్లు వచ్చెనని ఆనాడు అడుగనివారము, ఆ యింటి గుడ్డలను శుభ్రమని కట్టితిమి. చక్రమును కలిపిన తోలు మనుష్యులను కలుపలేకపోయినది. ఈ మాట చెప్పక కుట్టుయంత్రపు చరిత్రము వ్రాయుట, కడియమును విడిచి రేకులు మాత్రమే చదువుట వంటిది.

క్లైడ్‌బ్యాంకు కర్మాగారము 1980లో మూతపడెను. అందు పుట్టిన యంత్రములు ఇంకను మన పల్లెలలో నడచుచున్నవి. ఐనను విద్యుద్యంత్రములును, సిద్ధవస్త్రములును వచ్చినపిమ్మట అనేకగృహములవారు పాతయంత్రమును ఇనుపబరువునకు తూచి అమ్ముచున్నారు. 2023 సెప్టెంబరు 17న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన విశ్వకర్మ పథకమున పదునెనిమిది వృత్తులలో దర్జీపనియు చేరినది. పనిముట్లకై 15,000 రూపాయల వఱకు సాయము నిర్ణయింపబడినది. ఇది మెచ్చదగినదే. కాని క్రొత్త పనిముట్టు నిచ్చువేళ, ఉన్న యంత్రమును విప్పి బాగుచేసికొను విద్యయు చేతికందిన ఆ సాయము రెట్టింపగును. లేనిచో నేటి క్రొత్తయంత్రము పదియేండ్లకు మరల తూకమునకే పోవును.

మేము కోరునది స్వల్పము. పాతసింగరు యంత్రపు పీఠముపై ఒక సంఖ్య చెక్కియుండును. 1900 మొదలు దానిముందు ఆంగ్లాక్షరము కూడ కలదు. ఆ సంఖ్యను కంపెనీ పట్టికలతో పోల్చిన యంత్రము పుట్టిన యేడు తెలియును. అది యొక చిన్నశాసనమే. మీ యింటి యంత్రపు సంఖ్యను ఒక పుస్తకమున వ్రాయుడు. దానిక్రింద, దానికి ఏ యే పరికరములు ఇంట చేయబడినవో, ఎవరు చేసిరో, బల్ల కోసిన వడ్రంగి పేరేమో, పట్టీ ఇచ్చిన వృత్తికారుని పేరేమో, ఏ యవ్వ తన బుద్ధితో ఏ బద్దను అమర్చెనో వ్రాయుడు. బాలికల పాఠశాలలో కుట్టుతరగతి మొదటిదినమున సూది నిచ్చుటకు ముందు మరబిళ్ల పనిముట్టు నిండు. వారే విప్పి, వారే తుడిచి, వారే బిగింపనిండు. వడ్రంగియు, కమ్మరియు, తోలుపనివాడును, కుట్టు స్త్రీయు ఒకే చాపపై కూర్చుండి ఒకరి విద్య నొకరు నేర్చుకొను దినము ఊరి కొక్కటియైనను ఏర్పఱుపుడు.

సాలంకాయనుల రాజ్యము పోయినది, చాళుక్యుల కోట దిబ్బయైనది. దానము చేసిన రాజు పేరు రేకుపై నిలిచినది. కడియమును పోసిన కమ్మరి పేరు నిలువలేదు. ఆ కమ్మరిని నేడు మనము వెదకి తేలేము. కాని మన యవ్వల పేరులు, మన యూరి పనివారల పేరులు ఇంకను నోళ్లయందున్నవి. అవియు మాసిపోకముందే వ్రాసికొనుట మన విధి. వేంగిలో పుట్టిన చరిత్రకు కావలసిన తరువాతి రేకు ఇదియే. దానిని చెక్కుటకు రాజాజ్ఞ అక్కఱలేదు.